రెండు టైబీరియస్ నాణేలు, రెండు వేరు కుర్చీలు

ప్రశ్న:

నమస్కారమండీ. మాది నల్గొండ దగ్గర పల్లె. ఉద్యోగాల వల్ల ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటున్నాం. ఇక్కడ మ్యూజియంలో రోమన్ నాణేలు చూసి ముచ్చటపడి పోయినేడాది టైబీరియస్ చక్రవర్తి వెండి డెనారియస్ ఒకటి కొన్నాను. ఈమధ్య అదే రకం ఇంకొకటి కాస్త తక్కువకు వస్తే అదీ తీసుకున్నాను. పక్కపక్కన పెడితే రెండింటికీ పొంతన లేదు. ఒకదాని మీద కుర్చీ కాళ్లు సాదాగా ఉన్నాయి, రెండోదాని మీద నగిషీగా ఉన్నాయి. చక్రవర్తి ముఖం కూడా ఇద్దరు వేరే మనుషుల్లా ఉంది. మా వారేమో "రెండిట్లో ఒకటి నకిలీ, అనుమానమే లేదు" అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి? ఇలాంటి తేడాల మీదే సేకరణ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంకో సంగతి. ఊళ్లో మా బాబాయికి ఎవరో పొలంలో దొరికాయని చెప్పి ఇలాంటి వెండి బిళ్లలే చూపించారట. నల్లగా ఉన్నా చింతపండుతో తోమితే మెరుస్తాయన్నారట. కొనమంటావా అని బాబాయి అడుగుతున్నాడు.

— ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు:

అమ్మా, ఇది చదవడం ఆపి ముందు మీ బాబాయిగారికి ఫోన్ చేయండి. కొనొద్దనీ, ఒకవేళ ఇప్పటికే చేతికి వచ్చి ఉంటే తోమొద్దనీ చెప్పండి. కారణాలు చివర్లో రాస్తాను. మీ నాణేలు పెట్టెలో భద్రంగానే ఉన్నాయి కాబట్టి వాటి గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

కుర్చీ కాళ్లు వేరుగా ఉన్నాయని ఏ నాణేన్నీ నకిలీ అనలేం. ఈ రకంలో ఆ తేడా ఉండి తీరాలి. టైబీరియస్ క్రీ.శ. 14 నుంచి 37 వరకు ఏలాడు. తొలి రెండేళ్ల వెండి నాణేల్లో ఒక రకం మీద నాలుగు గుర్రాల రథంలో నిలబడిన చక్రవర్తి కనిపిస్తాడు. ఆయనకు ఏటేటా కొత్తగా దక్కే అధికారపు లెక్క కూడా దాని మీద ఉంటుంది కాబట్టి అది ఏ ఏటిదో చెప్పేయొచ్చు. ఆ తర్వాత టంకశాల ఒక్క నమూనాను పట్టుకుని దాదాపు ఆయన పాలన ముగిసేదాకా దాన్నే కొట్టింది. బొమ్మ వైపు లారెల్ ఆకుల దండ కట్టుకున్న చక్రవర్తి తల. బొరుసు వైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో పొడవాటి దండం, ఇంకో చేతిలో కొమ్మ. ఆమెను శాంతిదేవత రూపంలో ఉన్న లివియాగా, అంటే టైబీరియస్ తల్లిగా చాలామంది గుర్తిస్తారు. చుట్టూ ఉండే 'పొంటిఫ్ మాక్సిమ్' ప్రధాన పురోహితుడన్న బిరుదు. అది ఏడాది మారినా మారదు. కాబట్టి మీ చేతిలోని నాణెం క్రీ.శ. 18లో కొట్టారా 35లో కొట్టారా అన్నది దాని మీది అక్షరాలు చెప్పవు.

ఇక్కడే ఆ కుర్చీకి విలువ వస్తుంది. సంవత్సరం లేని నాణేలను వరుసలో పెట్టాలంటే పండితులకు మిగిలిన ఆధారం ఇలాంటి చిన్న వివరాలే. కుర్చీ కాళ్లు కొన్నిటి మీద సాదా నిలువు గీతల్లా ఉంటాయి, కొన్నిటి మీద మన పాతకాలపు పట్టెమంచం కోళ్లలా తరిణె పట్టినట్టు గుబ్బలు గుబ్బలుగా ఉంటాయి. కుర్చీ కింద గీత ఒకటే ఉండొచ్చు, అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. ఆమె పాదాల కింద చిన్న పీట ఉండొచ్చు, లేకపోవచ్చు. చేతిలోది రాజదండమా, తిరగేసి పట్టుకున్న బల్లెమా అన్నది ఇంకో తేడా. బొమ్మ వైపు దండ ముడి నుంచి వేలాడే రిబ్బను కొసలు మెడ వెనక ఎలా పడుతున్నాయో కూడా చూస్తారు. రోమన్ చక్రవర్తుల నాణేలకు అందరూ ప్రమాణంగా తీసుకునే 'రోమన్ ఇంపీరియల్ కాయినేజ్' పట్టికలో టైబీరియస్ కింద 26, 28, 30 సంఖ్యలు చూడండి. అన్నీ ఈ డెనారియస్ రకాలే. సాదా కాళ్లది 26లోకి వస్తుంది. నగిషీ కాళ్లు, కింద ఒకే గీత ఉన్న 30 బజారులో ఎక్కువగా కనిపిస్తుంది. లుగ్డునుం టంకశాల మీద, అంటే నేటి ఫ్రాన్స్‌లోని లియాన్ మీద, పరిశోధన చేసిన జాన్ బాప్టిస్ట్ జియార్ ఈ తేడాలను పట్టుకునే నాణేలను గుంపులుగా విడదీశాడు. అందుకే అమ్మకపు చీటీల మీద 'జియార్, నాలుగో గుంపు' లాంటి మాటలు కనిపిస్తాయి. మీ వారు లోపమనుకున్నది పరిశోధకులకు ఆనవాలు.

ముఖాలు వేరుగా ఉండటం ఇంకా సహజం. ఆ కాలంలో అచ్చులన్నీ చేత్తో చెక్కినవే. కింద దిమ్మెలో బొమ్మ అచ్చు బిగించి, దాని మీద వేడిచేసిన వెండి బిళ్ల పెట్టి, పైన బొరుసు అచ్చు ఆనించి సుత్తితో కొట్టేవారు. దెబ్బలన్నీ పై అచ్చుకే తగులుతాయి కాబట్టి అది ముందు అరిగిపోయేది. దాంతో బొరుసు అచ్చులు ఎక్కువగా చెక్కాల్సి వచ్చేది. ఇన్నేళ్లు, ఇన్ని చేతులు పని చేశాక, అందులోనూ చక్రవర్తిని ఎన్నడూ కళ్లారా చూడని పనివాళ్లు నమూనా చూసి వేలిగోరంత స్థలంలో తల చెక్కితే, ఒకడి టైబీరియస్‌కు గద్ద ముక్కు వస్తుంది, ఇంకొకడి టైబీరియస్‌కు బుగ్గలు వస్తాయి.

అందుకని మీ వారికి చెప్పాల్సిన సూత్రం ఆయన అనుకున్నదానికి తిరగబడి ఉంటుంది: తేడా ఉంటే కంగారు అక్కర్లేదు, మరీ ఒకేలా ఉంటేనే కంగారు పడాలి. ఇందులో చిన్న మెలిక ఉంది. ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు అసలు నాణేలు దొరకడం మామూలే. అప్పుడు చెక్కడం ఒకేలా ఉంటుంది. కానీ బిళ్ల ఆకారం, అంచు పగుళ్లు, బొమ్మ ఏ పక్కకు జరిగిందన్నది, తర్వాత పడిన గీతలు మాత్రం దేనివి దానికే ఉంటాయి. ఇవి కూడా రెండిట్లో కలిసిపోయాయంటే ఒక అసలు నాణెం నుంచి మూస తీసి పోత పోశారని, లేదా ఆ మూసతో కొత్త అచ్చు చేసి కొట్టారని అర్థం. కాబట్టి మీ రెండో నాణేన్ని మీ మొదటిదానితో పోల్చి లాభం లేదు. అచ్చంగా దానిలాంటి నాణెం, అదే పగులుతో, అదే గీతతో, ఇంకెక్కడైనా అమ్మకానికి వచ్చిందేమో వెతకండి. పాత వేలాల ఫొటోలు ఇంటర్నెట్‌లో లక్షల్లో ఉన్నాయి.

చేత్తో చేయదగ్గ పరీక్షలూ ఉన్నాయి. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న తూకం యంత్రం, పదింతలు చూపించే భూతద్దం కొనుక్కోండి. మూడో నాణెం కంటే ముందు కొనాల్సినవి ఇవి. టైబీరియస్ డెనారియస్ మామూలుగా మూడున్నర గ్రాములకు పైన, నాలుగు లోపు తూగుతుంది. అడ్డం 18 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. బరువు మూడు గ్రాముల లోపుంటే లోపల రాగి, పైన వెండి రేకు ఉన్న నాణెం కావచ్చు. అలా తేలినా వెంటనే నిరాశ పడకండి, ఎందుకంటే రోమన్ల కాలంలోనే దొంగ టంకసాలివాళ్లు అవి చేసేవారు. రేకు లేచిన చోట పచ్చటి రాగి కనిపించే అలాంటి నాణేలను ఇష్టపడి కొనేవాళ్లూ ఉన్నారు. నేడు పోసిన పోత నాణెం లక్షణాలు వేరు. అంచు చుట్టూ సన్నని అతుకు గీత లేదా దాన్ని అరగదీసిన ఆకురాయి జాడ ఉంటుంది, అక్షరాల మూలలు సబ్బు అరిగినట్టు మెత్తబడి ఉంటాయి, భూతద్దంలో గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. అసలు నాణెంలో అక్షరం పక్కన లోహం దెబ్బకు పారిన జాడలు కిరణాల్లా అంచు వైపు సాగుతాయి. ఒకటి రెండు వందల మంచి నాణేల ఫొటోలు శ్రద్ధగా చూస్తే ఆ జాడలు మీ కంటికే పట్టుబడతాయి. కంసాలి దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు. గీటురాయి మీద గీస్తే వెండి అని తెలుస్తుంది, నాణెం పాడవుతుంది, పాతదో కొత్తదో తెలియకుండానే ఉండిపోతుంది.

ఈ నాణేనికి ధర కాస్త ఎక్కువగా ఉండటానికి ఒక కారణం మీరు గమనించే ఉంటారు. 'కైసరువి కైసరునకు' అన్న మాట వచ్చే సందర్భంలో యేసుకు చూపించిన దేనారం ఇదేనని పేరు పడిపోయింది. కాలం సరిపోతుంది. కానీ సువార్తలో కైసరు రూపం, పేరు ఉన్నాయనే తప్ప బొరుసు మీద ఏముందో లేదు, కాబట్టి ఇదే అని చెప్పే ఆధారం లేదు. భక్తితో ఒకటి దాచుకోవాలనుకునే వాళ్లు లోకమంతా ఉన్నారు గనుక గిరాకీ తగ్గదు, నకిలీలు కూడా ఎక్కువే. తేడాల సేకరణకు ఈ రకం ఒక్కటే నమ్ముకుంటే చేతి చమురు బాగానే వదులుతుంది. మీ దగ్గర రెండు ఉన్నాయి, చాలు. ఇక్కడి నుంచి వేరే దారి చెబుతాను.

తేడాలంటే ప్రాణం పెట్టేవాళ్లకు గణతంత్ర కాలపు డెనారీలంత, అంటే డెనారియస్ నాణేలంత, గొప్ప చోటు లేదని నా గట్టి అభిప్రాయం. తొలి చక్రవర్తి అగస్టస్ కంటే ముందు రోమ్‌లో ఏటా చిన్నవయసు అధికారులకు నాణేల బాధ్యత ఇచ్చేవారు. వాళ్లు తమ పేరు, తమ వంశం గొప్పలు నాణెం మీద వేసుకునేవారు. క్రీ.పూ. 90లో లూసియస్ కల్పూర్నియస్ పీసో ఫ్రూగీ అనే ఆయన వంతు వచ్చింది. అప్పుడే ఇటలీలోని మిత్ర నగరాలు రోమ్ మీద తిరగబడ్డాయి. సైన్యానికి జీతాలివ్వాలి, దానికి వెండి కుప్పలు తెప్పలుగా కొట్టాలి. ఆయన వేయించిన నమూనా ఒక వైపు అపోలో తల, ఇంకో వైపు దౌడు తీస్తున్న గుర్రం మీద రౌతు. అపోలో పేర రోమ్‌లో జరిగే ఆటల పోటీలకు ఆయన పూర్వీకుడితో సంబంధం ఉంది, ఆ జ్ఞాపకమే ఈ గుర్రం. నమూనా ఒక్కటే గానీ అచ్చులు వందలు. వాటి లెక్క తప్పకుండా ఒక్కో అచ్చు మీద ఒక గుర్తు వేశారు: ఒక అక్షరమో, అంకెనో, చిన్న బొమ్మనో. రౌతు చేతిలో ఒకచోట తాటి మట్ట, ఒకచోట కాగడా, ఒకచోట కొరడా. తల మీద టోపీ ఉంటుంది, ఉండదు. గుర్రం కుడికి పోతుంది, అక్కడక్కడ ఎడమకూ పోతుంది. ఇవన్నీ టంకశాల కావాలని పెట్టిన తేడాలు. చెక్కేవాడి చేతివాటం వీటికి అదనం. పైగా దొరకని నాణెం కాదు, టైబీరియస్ కంటే తేలికగా దొరుకుతుంది. జీవితమంతా ఈ ఒక్క అధికారి నాణేలే సేకరించినా విసుగు రాదు. ఆయన కొడుకు తర్వాత టంకశాల అధికారి అయినప్పుడు తండ్రి నమూనానే మళ్లీ వేయించాడు. తండ్రి గుర్రాన్నీ కొడుకు గుర్రాన్నీ పక్కపక్కన పెట్టుకోవడం ఒక ఆనందం.

క్రీ.పూ. 82 నాటి పబ్లియస్ క్రెపూసియస్ నాణేలు ఇంకో అద్భుతం. బొరుసు అచ్చుల మీద వరుసగా అంకెలు చెక్కారు, ఒకటి నుంచి మొదలై 500 దాటిపోయాయి. ఏ బొమ్మ అచ్చు ఏ అంకె బొరుసుతో కలిసిందో జత చేసి చూస్తూ పోతే, రెండు వేల ఏళ్ల కిందటి టంకశాలలో పని ఎలా సాగిందో వరుస కట్టొచ్చు. థియోడర్ బట్రీ వంటి పండితులు సరిగ్గా ఈ పనే చేశారు. లూసియస్ పాపియస్, రోషియస్ ఫబాటస్ అనే ఇద్దరి నాణేలైతే ఇంకా ముద్దొస్తాయి. అంచంతా రంపపు పళ్లలా ఉలితో కోసి ఉంటుంది. బొమ్మ వైపు మేక తోలు కప్పుకున్న జూనో దేవత తల వెనక ఒక చిన్న గుర్తు ఉంటుంది. బొరుసు మీద దానికి జోడీ గుర్తు ఉంటుంది. పనిముట్లు, పాత్రలు, జంతువులు, ఇంట్లో వాడే సామాన్లు, ఇలాంటి జంటలు వందల్లో ఉన్నాయి. రోమన్ ఇల్లు, రోమన్ పనివాడి సంచీ ఎలా ఉండేవో ఆ గుర్తుల్లోంచి తొంగిచూడొచ్చు. చక్రవర్తుల ముఖాల కంటే నాకు ఇవే ఎక్కువ ఇష్టం.

బడ్జెట్ ఇంకా తగ్గాలంటే రోమన్ సేనాని మార్క్ ఆంటొనీ సైనిక డెనారీలు ఉన్నాయి. క్రీ.పూ. 32, 31 సంవత్సరాల్లో, ఆక్టియం యుద్ధానికి ముందు, తన సేనల కోసం కొట్టించినవి. ఒక వైపు ఓడ, ఇంకో వైపు రెండు జెండాల నడుమ సేన చిహ్నమైన గద్ద, కింద దళం అంకె. మామూలుగా దొరికేవి 2 నుంచి 23 వరకు. ఒక్కో అంకెకు ఒకటి చొప్పున సమకూర్చుకోవడం మంచి లక్ష్యం. 12, 17, 18 దళాలకు అంకెతో పాటు పేరు కూడా ఉన్న రకాలున్నాయి, అవి అరుదు. ఒకటో దళం అని చెప్పి ఎవరైనా అమ్మజూపితే మాత్రం నిపుణుడికి చూపించకుండా పైసా ఇవ్వకండి. ఈ నాణేల్లో వెండి తక్కువ, అందుకే కరిగించడానికి ఎవరూ ఆశపడలేదు. మంచి వెండి నాణేలు కొలిమిలోకి పోతుంటే ఇవి తరాల పాటు చేతులు మారి, ఓడ గీత కూడా చెరిగేంతగా అరిగిపోయాయి. మార్కస్ ఆరీలియస్, లూసియస్ వేరస్ చక్రవర్తుల కాలంలో, అంటే దాదాపు 200 ఏళ్ల తర్వాత, ఆరో దళం పేరుతో ఇదే నమూనా మళ్లీ కొట్టారు. అరిగిన నాణేన్ని చిన్నచూపు చూడకండి. అంకె చదవగలిగితే చాలు.

క్రీ.శ. 248లో రోమ్ నగరం పుట్టి వెయ్యేళ్లయిందని ఫిలిప్ చక్రవర్తి ఉత్సవం చేసినప్పటి నాణేలు పిల్లలున్న ఇంట్లో బాగా నప్పుతాయి. సింహం, కవలలకు పాలిస్తున్న ఆడ తోడేలు, దుప్పి, చక్రవర్తి భార్య ఒటాసీలియా పేర నీటి గుర్రం. కింద ఉన్న అంకె టంకశాలలోని ఏ విభాగం కొట్టిందో చెబుతుంది. అయితే అప్పటికి వెండి పలచబడింది. ఆ నాణెం డెనారియస్ కాదు, కారకాలా చక్రవర్తి క్రీ.శ. 215లో తెచ్చిన కిరణాల కిరీటం నాణెం. రెండు డెనారీల విలువ అన్నట్టు చలామణీలోకి తెచ్చి, ఒకటిన్నర డెనారీల బరువే పెట్టిన రకం. తర్వాతి ఇరవై ఏళ్లలో వెండి ఇంకా జారిపోయి చివరికి రాగి మీద వెండి పూతే మిగిలింది.

ఏ దారి ఎంచుకున్నా తేడా కనిపించినప్పుడల్లా అది ఎవరి చేతి మీదుగా వచ్చిందో ముందు అడగండి. టంకశాల కావాలని పెట్టిందా, చెక్కేవాడి చేతిలో వచ్చిందా, కొట్టేటప్పుడు జరిగిన పొరపాటా, లేక జనంలో తిరిగాక పడిన గుర్తా. అమ్మేవాళ్లు ఈ నాలుగింటినీ కలిపేసి 'అరుదైన రకం' అని ధర పెంచేస్తారు. దెబ్బ పక్కకు పడి సగం అక్షరాలు బయటికి పోయిన నాణెం రకం కాదు. అచ్చులో ఇరుక్కున్న నాణెం మీద కొత్త బిళ్ల పెట్టి కొట్టేస్తే ఒకే బొమ్మ ఒక వైపు ఉబ్బుగా, ఇంకో వైపు గుంటగా పడుతుంది. చూడటానికి తమాషాగా ఉంటుంది, కొనాలనుకుంటే కొనండి, కానీ ఏ పట్టికలోనూ దానికి వేరే సంఖ్య ఉండదు. వడ్డీవ్యాపారులు వెండి అవునో కాదో చూడటానికి కొట్టిన చిన్న గుర్తులు గణతంత్ర నాణేల మీద తరచూ ఉంటాయి. వాటిని లోపంగా చూసి ధర తగ్గిస్తారు. నాకైతే అలాంటి నాణెం ఇంకో నాలుగు చేతుల కథ చెబుతున్నట్టే ఉంటుంది. పట్టికలు చూసుకోవడానికి డబ్బు అక్కర్లేదు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ గణతంత్ర నాణేలకూ చక్రవర్తుల నాణేలకూ వేర్వేరుగా ఆన్‌లైన్ పట్టికలు నడుపుతోంది. మీరుండే దేశంలోనే 'పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్' అనే ఏర్పాటు ఉంది. ఇంగ్లండ్, వేల్స్ పొలాల్లో జనానికి దొరికిన వస్తువులను ఫొటోలతో నమోదు చేస్తుంది, రోమన్ నాణేలు అందులో బోలెడు.

కొనేటప్పుడు నాణెం ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం అడగండి. పాత వేలం చీటీ, పాత సేకరణకర్త కవరు, రసీదు, ఏదో ఒకటి. సీజర్ హత్యకు గుర్తుగా బ్రూటస్ వేయించిన రెండు బాకుల నాణేల్లో బంగారంతో చేసినది ఒకటి 2020లో లండన్ వేలంలో 27 లక్షల పౌండ్లకు పైగా పలికింది. దానితో వచ్చిన పాత చరిత్ర కాగితాలు కల్పితమని తేలి, 2023లో అమెరికా అధికారులు దాన్ని గ్రీస్‌కు అప్పగించారు. మన స్థాయిలో అంత డబ్బు లేకపోవచ్చు, కానీ దొంగతనంగా తవ్విన నాణెం ఇంట్లో పెట్టుకోవడం చిన్నదైనా పెద్దదైనా ఒకటే. ఎక్కడ, ఏ లోతులో, ఏ కుండలో, ఏ నాణేల పక్కన దొరికిందన్న సమాచారం ఒక్కసారి పోతే మళ్లీ రాదు. నిల్వ విషయానికొస్తే, మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వాడొద్దు, కొన్నాళ్లకు పచ్చటి జిగురు పట్టిస్తాయి. పాత వెండి లోపల పెళుసుబారి ఉంటుంది, చేయి జారితే పింగాణీలా విరిగే నాణేలున్నాయి. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి చూడండి.

ఇక మీ బాబాయిగారి సంగతి. ఆయనకు చూపించినవి నకిలీలు కావచ్చు. పొలంలో లంకెబిందె దొరికిందని చెప్పి అంటగట్టే మోసం ఎప్పటిదో. కానీ నిజమైనవి అయ్యే అవకాశం మీ ప్రాంతంలో తక్కువేమీ కాదు, నేను కంగారు పడింది అందుకే. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒక్కచోటే బయటపడ్డాయి. వాటిలో అత్యధికం అగస్టస్, టైబీరియస్‌లవి, అంటే మీరు లెస్టర్‌లో కొన్న రకమే. కరీంనగర్ వైపు నస్తుల్లాపూర్‌లోనూ దొరికాయి. మిరియాలు, మస్లిన్లు, రత్నాల కోసం రోమన్ వర్తకులు తెచ్చిన వెండి అది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్షియస్‌లు (ఇంకో రకం రోమన్ నాణేలు) లాగేసుకుంటోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. నీరో క్రీ.శ. 64లో డెనారియస్ బరువు తగ్గించి, దాదాపు స్వచ్ఛంగా ఉండే వెండిని సుమారు 80 శాతానికి దించాడు. మన దగ్గర దొరికే రాశుల్లో నీరో సంస్కరణకు ముందువే నిండి ఉండటం చూస్తే, మనవాళ్లు ఏది తీసుకోవాలో ఎరిగే తీసుకున్నారని అనిపిస్తుంది. ప్లినీయే ఇంకో సంగతి రాశాడు. గాలివాటున తాప్రొబేన్, అంటే నేటి శ్రీలంక, చేరిన ఒక రోమన్ దగ్గరి డెనారీలు చూసి అక్కడి రాజు మెచ్చుకున్నాడట. వాటి మీది ముఖాలు వేర్వేరుగా ఉన్నా బరువు అన్నిటికీ సమానంగా ఉందట. ముఖాల తేడా గురించి మీ వారు పడ్డ అనుమానానికి ఆ రాజు ఎప్పుడో జవాబు చెప్పాడు.

దక్కనులో ఇంకో రకం తేడా పుట్టింది. అగస్టస్ తన మనవలు గయస్, లూసియస్‌లను డాళ్లు, బల్లేలతో నిలబెట్టి వేయించిన నాణేన్ని చూసి ఇక్కడివాళ్లు సొంతంగా నాణేలు చేశారు. అసలు నాణేల్లోనే ఆ ఇద్దరి మధ్య పైన ఉండే పూజ గరిటె, వంకీ కర్ర అటూ ఇటూ మారుతుంటాయి. ఇక్కడ చేసినవాటి మీద అక్షరాలే అర్థం లేని గీతలుగా మారిపోయాయి. లాటిన్ రాని చేయి లాటిన్‌ను బొమ్మగా చూసి చెక్కిందన్నమాట. అలాంటివి మీ బాబాయికి చూపించినవాటిలో ఉంటే, ఏమీ తెలియనివాడు నకిలీ అని పారేస్తాడు, చరిత్రకారుడు ప్రాణం పెడతాడు. చింతపండు పులుపు, విభూతి, టూత్‌పేస్ట్ తోముడు ఆ గీతలను, పైన ఏర్పడిన నల్లని పొరను, కుండ మట్టి జాడను తుడిచేస్తాయి. తర్వాత ఏ పండితుడూ ఏమీ చెప్పలేడు.

చట్టం కూడా స్పష్టంగా ఉంది. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాచిన నిధి 10 రూపాయల విలువ దాటితే దొరికినవాళ్లు జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే శిక్ష ఉంది. కొన్నవాళ్లూ చిక్కుల్లో పడతారు. బాబాయి ఆ అమ్మజూపిన మనిషికి మంచిమాటగా తహసీల్దారు ఆఫీసుకో కలెక్టరేట్‌కో వెళ్లమని చెప్పడం మేలు. ఎన్ని దొరికాయి, ఏ సర్వే నంబరులో, కుండ ముక్కలు ఉన్నాయా అన్నది రాసి పెట్టుకుంటే ఇంకా మేలు. మీరు లెస్టర్ నాణేలను ఇండియాకు తేవాలనుకుంటే కూడా ఆలోచించి తెండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని మామూలు మనుషులు దేశం బయటికి తీసుకెళ్లకూడదు. తెచ్చాక తిరిగి పట్టుకెళ్లడం తలనొప్పి. ఇంగ్లండ్‌లో కూడా పొలంలో దొరికితే ఇలాంటి నియమమే. 300 ఏళ్లు దాటిన వెండి నాణేలు ఒకేచోట రెండు దొరికినా 1996 నిధుల చట్టం కింద తెలియజేయాలి.

సెలవులకు వచ్చినప్పుడు నాణేలు తేకుండా మీరు మాత్రం హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి వెళ్లండి. బాబాయిని కూడా తీసుకెళ్లండి. ఈలోగా మీ రెండు నాణేలనూ తూచి, బొమ్మ, బొరుసు, అంచు మూడు వైపులా పగటి వెలుతురులో ఫొటోలు తీసి పంపండి. కుర్చీ కింద గీతలు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా తీస్తే ఏది ఏ సంఖ్య కిందికి వస్తుందో చెప్పడానికి ప్రయత్నిస్తాను.